ఫైనలియర్ ప్రాజెక్టు ‘ఫుల్ ప్యాకేజీ’: హన్మకొండ షాపు సరుకును విప్పి చూస్తే

ఇంజనీరింగ్ ఆఖరి సెమిస్టర్ మొదలైందంటే చాలు, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఒకే రకం బోర్డులు లేస్తయి. బీటెక్, ఎంటెక్, ఎంసీఏ ప్రాజెక్టులు, పైథాన్, జావా, ఐఓటీ, ఎగ్జిక్యూషన్ గ్యారంటీ. అట్లాంటి ఒక షాపులో ఎనిమిది వేలకు అమ్మే ‘ఫుల్ ప్యాకేజీ’ మీద ఈ రివ్యూ. నలుగురి బ్యాచ్ అయితే తలా రెండు వేలు. షాపు పేరు చెప్పినా లాభం లేదు. ఫోల్డర్ల పేర్లు, స్పెల్లింగ్ తప్పులతో సహా ఇదే సరుకు పక్క షాపులోనూ దొరుకుతుంది.

తీర్పు ముందే చెప్తున్నా: ఇచ్చింది ఇచ్చినట్టు వైవాలో పెట్టడానికి కొంటే ఎనిమిది వేలు దండగ. దాన్ని విప్పి, తప్పులు పట్టి, సొంతంగా బాగుచేసే ఓపిక ఉంటే అందులో నేర్చుకునేది చాలానే ఉంది. ఇది షాపాయన ఉద్దేశం కాదనుకోండి.

కౌంటర్ దగ్గర మాట ఎప్పుడూ ఒక్కటే. “టైటిల్ లాక్ చేస్కోండ్రి తమ్మీ, మంచియన్నీ పోతున్నయ్.” లామినేషన్ చేసిన టైటిళ్ల జాబితా చేతిలో పెడతారు. చాలా పేర్లకు చివర ‘యూజింగ్ మెషీన్ లెర్నింగ్’ అని ఉంటుంది. “అన్నా, గైడ్ సార్ కోడ్ అడిగితే?” అంటే, “ఏమడగరు. అడిగినా క్వశ్చన్లు, ఆన్సర్లు మేమే రాసిస్తం” అంటారు. టైటిల్‌కు తోడు ఒక ఐఈఈఈ బేస్ పేపర్, అంటే ప్రాజెక్టుకు ఆధారమని చెప్పే పరిశోధన పత్రం, ఇస్తారు. దాన్ని, కోడ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. పేపర్‌లో ఉన్న పద్ధతి కోడ్‌లో ఉండదు, కోడ్‌లో ఉన్న అల్గారిథం పేపర్‌లో ఉండదు. కాలేజీలో పెట్టే ఫస్ట్ రివ్యూలో జాగ్రత్తగల గైడ్ పట్టుకునే మొదటి తీగ అదే.

విప్పి చూసిన టైటిల్ క్రెడిట్ కార్డు మోసాల గుర్తింపు. పైథాన్, జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్ కట్టే చట్రం), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్). పెన్‌డ్రైవ్‌లో కోడ్ ఫోల్డర్, ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు, డేటాసెట్, వర్డ్ డాక్యుమెంట్, పీపీటీ, రన్ చేసి చూపించే వీడియో, వైవా ప్రశ్నలు, ‘సాఫ్ట్‌వేర్స్’ అనే ఫోల్డర్ ఉన్నయి. ఆ ఆఖరి ఫోల్డర్‌లో పైథాన్ 3.7 ఇన్‌స్టాలర్, జాంప్ (డేటాబేస్, వెబ్ సర్వర్ కలిపిన ఉచిత ప్యాకేజీ) పెట్టిచ్చారు. పైథాన్ 3.7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 జూన్‌లోనే ఆగిపోయినయి. అయినా అదే ఎందుకిస్తున్నారంటే, కోడ్‌లో ఏఎన్ఎన్ (న్యూరల్ నెట్‌వర్క్) బటన్ వెనక ఉన్నది టెన్సర్‌ఫ్లో 1.15 లైబ్రరీ. దానికి 3.7 దాటిన పైథాన్ పనికిరాదు.

ఇక్కడే అసలు తలనొప్పి మొదలు. లైబ్రరీల పేర్లున్న రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉంది కానీ ఏ పేరు పక్కనా వెర్షన్ నంబరు లేదు. కాలేజీ ల్యాబ్ కోసం పైథాన్ 3.12 ఎక్కించుకున్న ల్యాప్‌టాప్‌లో దీన్ని పిప్ (పైథాన్ లైబ్రరీలు దించే టూల్)తో ఇన్‌స్టాల్ చేస్తే ప్రతి లైబ్రరీకీ ఇవాళ్టి కొత్త వెర్షన్ దిగుతుంది. దాంతో కోడ్ వరసగా కూలుతుంది. జాంగో 4.0 నుంచి పాత ‘యూఆర్‌ఎల్’ ఇంపోర్ట్ తీసేశారు, కాబట్టి సర్వర్ లేవనే లేవదు. అది ‘రీ-పాత్’గా మారిస్తే తర్వాత నంపై దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ‘ఎన్‌పీ డాట్ ఇంట్’, ‘ఎన్‌పీ డాట్ ఫ్లోట్’ లాంటి పాత పేర్లు 1.24లో పోయినయి. దాన్ని దాటితే పాండాస్ 2.0లో డేటాఫ్రేమ్ ‘అపెండ్’ లేదు, ‘కన్‌క్యాట్’ రాయాలి. ఆ తర్వాత సైకిట్-లెర్న్‌లో కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ గీసే పాత ఫంక్షన్ 1.2లో తీసేశారు. ఒకటి బాగైతే ఇంకోటి తలెత్తుతుంది. కానీ ఒక్కోదానికీ ఎర్రర్ మెసేజ్‌లోనే కారణం రాసి ఉంటుంది, ఆఖరి లైను నుంచి పైకి చదువుకుంటూ పోతే చాలు.

షాపు చెప్పినట్టు 3.7తో పోయినా సాఫీగా ఏం సాగదు. టెన్సర్‌ఫ్లో 1.15 ఎక్కుతుంది కానీ దాంతోపాటు ప్రోటోబఫ్ అనే తోడు లైబ్రరీ కొత్తది దిగి, ఇంపోర్ట్ దగ్గరే ‘డిస్క్రిప్టర్స్’ అంటూ ఎర్రర్ కొడుతుంది. ప్రోటోబఫ్‌ను 3.20కి దించాలి. తర్వాత హెచ్5 ఫైలుగా సేవ్ చేసిన మోడల్‌ను తెరిచేటప్పుడు, స్ట్రింగ్‌కు ‘డీకోడ్’ లేదని ఇంకో గొడవ. అది ‘హెచ్5పై’ అనే లైబ్రరీ మూడో వెర్షన్‌తో వచ్చే తంటా, 2.10కి దించితే పోతుంది. పిప్ అసలు టెన్సర్‌ఫ్లోనే దొరకలేదంటే పైథాన్ 32 బిట్‌ది పడిందేమో చూడాలి, టెన్సర్‌ఫ్లోకు 64 బిట్ తప్పనిసరి. అన్నీ సరిగ్గా ఉన్నా కాలేజీ ల్యాబ్‌లోని పాత పెంటియం, సెలెరాన్ మిషిన్ల మీద డీఎల్ఎల్ ఎర్రర్‌తో చచ్చిపోతే తప్పు కోడ్‌ది కాదు. 1.6 వెర్షన్ నుంచి టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలకు ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ (లెక్కలు వేగంగా చేసే ఆదేశాల సెట్) ఉండాలి, ఆ మిషిన్లలో అది లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నడిచింది ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు) ముందు ల్యాబ్‌లో నడవకపోవడానికి ఇది పెద్ద కారణం. వైవాకు సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోనిస్తారా లేదా అని డిపార్ట్‌మెంట్‌లో ముందే కనుక్కోవాలి.

డేటాబేస్ సంగతి ఇంకో రకం. డీబీఎంఎస్ ల్యాబ్ కోసం మైఎస్‌క్యూఎల్ 8 ఇదివరకే వేసుకుని ఉంటే 3306 పోర్టు (డేటాబేస్‌తో కలిసే నంబరు) దాని చేతిలో ఉంటుంది. జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ నొక్కగానే ఎర్రగా మారి ఆగిపోతుంది. షాపు కోడ్ ఏమో రూట్ యూజర్, ఖాళీ పాస్‌వర్డ్‌తో అదే 3306కు పోతుంది. అక్కడున్న ఎనిమిదో వెర్షన్ ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. విండోస్ సర్వీసుల్లో పాత మైఎస్‌క్యూఎల్‌ను ఆపడమో, జాంప్‌ది 3307కు మార్చి జాంగో సెట్టింగ్స్‌లోనూ అదే నంబరు పెట్టడమో చేయాలి. ఇంతోటిదానికి విండోస్ ఫార్మాట్ కొట్టించుకున్న బ్యాచ్‌లు ఉన్నయంటే నమ్మాల్సిందే.

లోపలి కోడ్‌కు వద్దాం. రెండు లాగిన్లు: ‘రిమోట్ యూజర్’, ‘సర్వీస్ ప్రొవైడర్’. ఈ షాపుల జాంగో ప్రాజెక్టుల్లో హాస్పిటల్ టైటిలైనా, వ్యవసాయం టైటిలైనా ఈ రెండు పేర్లే తగుల్తయి. సర్వీస్ ప్రొవైడర్ లాగిన్‌కు డేటాబేస్ లేదు. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అని ఇఫ్ కండిషన్‌లోనే రాసేశారు. యూజర్ల పాస్‌వర్డ్‌లు టేబుల్‌లో మామూలు అక్షరాల్లో ఉన్నయి. జాంగోకు సొంత యూజర్ మోడల్ ఉంది, పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి (వెనక్కి చదవలేని రూపంలోకి మార్చి) దాస్తుంది, దాన్ని ముట్టుకోనే లేదు. మోసాలు పట్టే ప్రాజెక్టులో పాస్‌వర్డ్ దాచకపోవడం ఎట్లా సమర్థించుకుంటారో చూడాలి.

డేటాసెట్ ఫైలున్న దారి (పాత్) కూడా కోడ్‌లో రాసిపెట్టిందే, డి డ్రైవ్ అని. డి డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌లో ఫైలే దొరకదు. ఉన్నా ఒక చిక్కుంది. ఫోల్డర్ పేరు ‘టెస్ట్’ అని చిన్న టి తో మొదలైతే, ముందున్న బ్యాక్‌స్లాష్‌తో కలిసి పైథాన్ దాన్ని ట్యాబ్ అనుకుంటుంది. చిన్న ఎన్ అయితే కొత్త లైన్ అనుకుంటుంది. ఫైలు కళ్ల ముందే ఉన్నా లేదంటుంది. డెస్క్‌టాప్‌లో పెడితే, వన్‌డ్రైవ్ దాన్ని తన ఫోల్డర్‌లోకి లాక్కున్న ల్యాప్‌టాప్‌లలో దారి మళ్లీ తప్పుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి లెక్కగట్టే దారి రాస్తే ఈ పీడ మొత్తం విరగడవుతుంది. జాంగో సెట్టింగ్స్‌లో ‘బేస్ డైర్’ ఉన్నదే అందుకు.

ఇవన్నీ పైపై రోగాలు. అసలు రోగం లెక్కలో ఉంది.

వాడిన డేటాసెట్ కాగుల్ అనే సైట్‌లో ఉచితంగా దొరికేదే. 2013 సెప్టెంబరులో యూరప్ కార్డుదారులు చేసిన 2,84,807 లావాదేవీలు. అందులో మోసాలు 492. వందకు 0.17 మాత్రమే. డాక్యుమెంట్‌లో మాత్రం ‘మా మోడల్ యాక్యురసీ 99.9 శాతం’ అని బోల్డ్‌లో ఉంది. అల్గారిథం ఏదీ లేకుండా, వచ్చిన ప్రతిదాన్నీ ‘మోసం కాదు’ అని ముద్ర కొట్టే ఒక్క లైను కోడ్ రాసినా 99.83 వస్తుంది. ఒక్క మోసమూ దొరకదు, యాక్యురసీ మాత్రం 99.83. కాబట్టి ఇక్కడ యాక్యురసీ చెప్పడమంటే ఏమీ చెప్పకపోవడమే. చూడాల్సింది రికాల్, ప్రెసిషన్: ఉన్న మోసాల్లో ఎన్ని పట్టాం, పట్టినవాటిలో నిజంగా మోసాలెన్ని. డేటాసెట్ ఇచ్చినవాళ్లు కూడా ప్రెసిషన్-రికాల్ కర్వ్ కింది వైశాల్యంతో కొలవమనే రాశారు. షాపాయన ఆ పేజీ చదివినట్టు లేదు.

రాండమ్ ఫారెస్ట్ అనే అల్గారిథానికి అంత మంచి అంకె రావడానికి ఇంకో మతలబు ఉంది. మోసాలు తక్కువున్నయని స్మోట్ అనే పద్ధతితో కృత్రిమ వరసలు (ఒక్కో వరస ఒక్కో లావాదేవీ) పుట్టించారు. పద్ధతి తప్పు కాదు, వేళ తప్పు. ముందు మొత్తం డేటాకు స్మోట్ కొట్టి, ఆ తర్వాత ట్రెయిన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షకు) అని విడగొట్టారు. స్మోట్ కొత్త వరసను పక్కపక్క అసలు వరసల మధ్య నుంచి తయారుచేస్తుంది. అట్లాంటి కవలల్లో ఒకటి ట్రెయినింగ్‌లో, ఇంకోటి టెస్ట్‌లో పడితే, పరీక్షకు ముందే పేపర్ లీకైనట్టే. వీటికి తోడు అసలు డేటాలోనే 1,081 డూప్లికేట్ వరసలున్నయి, వాటినీ తీసేయలేదు. బాగుచేసే క్రమం ఇది: డూప్లికేట్లు తీసేయి, ‘స్ట్రాటిఫై’ పెట్టి (రెండు భాగాల్లోనూ మోసాల వాటా ఒకటే ఉండేటట్టు) విడగొట్టు, స్మోట్ ట్రెయినింగ్ భాగానికే కొట్టు, టెస్ట్‌ను ముట్టుకోకు. అట్లా చేస్తే రాండమ్ ఫారెస్ట్ రికాల్ సాధారణంగా 75, 85 శాతం మధ్యకు దిగుతుంది. అంకె తగ్గిందని భయపడొద్దు. డూప్లికేట్లు తీయకముందు లెక్క చూసినా, 20 శాతం టెస్ట్‌లో పడే మోసాలు 98. అందులో ఇరవై జారిపోయినయంటే ఎందుకు జారినయో ఒక్కోటి తీసి చూడొచ్చు. ఆ ఇరవై వరసల గురించి మాట్లాడగలిగినవాడు వైవాలో నిలబడతాడు.

ఎస్‌వీఎం అనే ఇంకో అల్గారిథం బటన్ కథ వేరే. దాదాపు మూడు లక్షల వరసల మీద ఆర్‌బీఎఫ్ కెర్నెల్ ఎస్‌వీఎం నడిపితే మామూలు ల్యాప్‌టాప్‌లో గంటల కొద్దీ తిరుగుతుంది. డెమోలో అంతసేపు ఎవరాగుతారు? అందుకని 492 మోసాలు, 492 మంచివి తీసుకుని మొత్తం 984 వరసలతో పని కానిచ్చారు. దాని 20 శాతం టెస్ట్ అంటే 197 వరసలు. అమౌంట్ కాలమ్‌ను స్కేల్ కూడా చేయలేదు (మిగతా కాలమ్‌ల కొలతకు తేలేదు), దూరాలు కొలిచే ఎస్‌వీఎంకు అది చేయకపోతే పెద్ద అంకె మిగతావాటిని మింగేస్తుంది. చివర్లో రాండమ్ ఫారెస్ట్, ఎస్‌వీఎంలను ఒకే బార్ గ్రాఫ్‌లో పక్కపక్కన నిలబెట్టి ‘మా పద్ధతే మేలు’ అని రాశారు. రెండిటికీ పెట్టిన పరీక్ష ఒకటి కాదని గ్రాఫ్ చూస్తే తెలీదు, కోడ్ చూస్తేనే తెలుస్తుంది.

అన్నిటికన్నా వింత, ప్రెడిక్షన్ పేజీ. ముప్పై టెక్స్ట్ బాక్సులు: టైమ్, వి1 నుంచి వి28 దాకా, అమౌంట్. యూజర్ వాటిని నింపి బటన్ నొక్కాలట. వి1 నుంచి వి28 అనేవి గోప్యత కోసం అసలు వివరాలు దాచి, పీసీఏ అనే గణిత పద్ధతితో మార్చి ఇచ్చిన అంకెలు. వి14 అంటే ఏమిటో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. అట్లాంటిది కార్డున్న మామూలు మనిషి తన వి14ను ఎక్కణ్నించి తెచ్చి నింపుతాడు? ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన ఈ ఒక్క ప్రశ్న వేస్తే ఫుల్ ప్యాకేజీ అక్కడితో ఖాళీ. ఆ పేజీని తీసేసి, టెస్ట్ భాగంలోంచి వరసల్ని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టేబుల్) ఫైలుగా అప్‌లోడ్ చేసి, బ్యాంకు సిబ్బంది అనుమానితాల జాబితా చూసేటట్టు మార్చితే కొంత అర్థముంటుంది.

డాక్యుమెంట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్లందరికీ తెలిసిందే. హార్డ్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ పేజీలో పెంటియం 4, 40 జీబీ హార్డ్ డిస్క్, 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవ్, 15 అంగుళాల మానిటర్. న్యూరల్ నెట్‌వర్క్‌ను ఫ్లాపీలో మోసుకొచ్చే కాలేజీ ఎక్కడుందో మరి. టెస్టింగ్ చాప్టర్‌లో ‘అన్ని టెస్ట్ కేసులూ పాసయ్యాయి, ఏ లోపమూ కనబడలేదు’ అని ఒకే వాక్యం మూడు చోట్ల. ఫీజిబిలిటీ స్టడీ ఏ ప్రాజెక్టుకైనా అదే. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఈ పేజీలు నిలువునా ఎర్రబడతాయి, ఎందుకంటే పాత బ్యాచ్‌లు ఇవే అప్పజెప్పి ఉన్నయి. ఫ్లాపీ పేజీతో పాటు, ‘ఈ పని మేమే చేశాం, ఇంకెక్కడా సమర్పించలేదు’ అనే డిక్లరేషన్ పేజీ కూడా సంతకాలకు గీతలు కొట్టి రెడీగా ఇచ్చారు. ఆ సంతకం పెట్టేది విద్యార్థి, షాపాయన కాదు. బయట కోడ్ తీసుకుని మార్పులు చేస్తున్నామంటే ఫస్ట్ రివ్యూలోనే గైడ్‌కు చెప్పాలి. ‘వద్దు’ అంటే దాన్ని పక్కన పడేయడమే మేలు. 160 క్రెడిట్ల డిగ్రీలో ఏ ఒక్క థియరీ పేపరుకూ ప్రాజెక్టంత వాటా లేదు, దాన్ని దొంగ సంతకం మీద నిలబెట్టడం ఎందుకు?

షాపు గొప్పగా చెప్పుకునేది ‘ఫ్రీ ఎగ్జిక్యూషన్ సపోర్ట్’. ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్)లో వాళ్లే లోపలికొచ్చి, నలభై నిమిషాల్లో అన్నీ ఎక్కించి, స్క్రీన్ మీద గ్రాఫ్ తెప్పించి పోతారు. ప్యాకేజీ మొత్తంలో అన్నిటికన్నా పనికిమాలినది ఈ సర్వీసే. పైథాన్‌ను వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకు విడి లైబ్రరీల అర) లేకుండా నేరుగా సిస్టంలో పెడతారు, పాత్ వేరియబుల్‌లో (ఏ పైథాన్ ముందు పలకాలో చెప్పే విండోస్ సెట్టింగ్‌లో) తమ 3.7ను పైకి జరుపుతారు. మర్నాటి నుంచి కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాములు నడవవు. ఏ ఎర్రర్ ఎందుకొచ్చిందో, ఏం మార్చితే పోయిందో విద్యార్థికి తెలీదు. పైగా ఎనీడెస్క్‌లో పర్మిషన్ అడక్కుండా లోపలికొచ్చే పాస్‌వర్డ్ పెట్టి వదిలేసిపోయే అలవాటు కొందరికుంది. సపోర్ట్ తీసుకున్నా సరే, పని కాగానే ఆ పాస్‌వర్డ్ తీసేసి, ఎనీడెస్క్‌ను అన్ఇన్‌స్టాల్ చేయాలి. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు లాగిన్ కూడా ఉంటుంది కదా.

సపోర్ట్ వద్దనుకుని సొంతంగా దిగితే, ఈ విరిగిన కోడే పనికొచ్చేది. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ తలుపులు తెరిచినప్పటి నుంచి వరంగల్‌లోనూ ఫ్రెషర్ ఉద్యోగాల మాట వినబడుతున్నది. ఆ తర్వాత కరీంనగర్‌లో, 2023లో నిజామాబాద్‌లో ఐటీ టవర్లు లేచినయి. ఎక్కడ చేరినా, హైదరాబాద్ పోయినా, మొదటి ఏడాది ఫ్రెషర్ చేతికి కొత్త కోడ్ ఇవ్వడం అరుదు. ఎవరో రాసి వెళ్లిపోయిన పాత కోడ్, సరిగ్గా లేని డాక్యుమెంట్, ఒక టికెట్ నంబరు ఇచ్చి చూడమంటారు. లాగ్ చదవాలి, తప్పును మళ్లీ తెప్పించాలి, కారణం పట్టాలి, చిన్న మార్పు చేయాలి, మిగతాది చెడలేదని చూపాలి. షాపు పెన్‌డ్రైవ్‌లో ఉన్నది సరిగ్గా అట్లాంటి సరుకే.

అందుకని పని ఇట్లా మొదలుపెట్టాలి. ఏం ముట్టుకోకముందే గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) రిపాజిటరీ తెరిచి, షాపు ఇచ్చిన కోడ్‌ను ఉన్నదున్నట్టు మొదటి కమిట్‌గా (చరిత్రలో ఒక నమోదుగా) వేసి, ‘కొన్న మూల కోడ్’ అని మెసేజ్‌లో రాయాలి. అక్కణ్నించి ఒక్కో మరమ్మతుకు ఒక్కో కమిట్. డేటాసెట్‌ను మాత్రం గిట్‌ఇగ్నోర్‌లో పెట్టి చరిత్రలో పడకుండా చూడాలి. ఆ సీఎస్‌వీ దాదాపు 150 ఎంబీ, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. ఒకసారి కమిట్‌లో పడ్డాక డిలీట్ చేసినా చరిత్రలో ఉండిపోతుంది కాబట్టి పుష్ (గిట్‌హబ్‌కు ఎక్కించడం) మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది, అప్పుడు చరిత్రే తిరగరాయాల్సి వస్తుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్, సెట్టింగ్స్‌లోని సీక్రెట్ కీ కూడా బయటికి పోకూడదు. విండోస్‌లో రెండు మూడు పైథాన్లుంటే ‘పై’ లాంచర్‌తో వెర్షన్ పేరు పెట్టి పిలిచి ఎన్విరాన్‌మెంట్ చేసుకోవాలి, అప్పుడు పాత్ గొడవ ఉండదు. అంతా నడిచాక పిప్ ఫ్రీజ్‌తో వెర్షన్లు రాసిపెట్టాలి.

3.7లోనే ఉండి పాత లైబ్రరీలు పట్టుకు వేలాడాలా, కోడ్‌ను కొత్తదానికి ఎత్తుకెళ్లాలా అంటే, ఎత్తుకెళ్లడమే మంచిది. టెన్సర్‌ఫ్లో 1లో రాసిన సెషన్లు, ప్లేస్‌హోల్డర్లు రెండో వెర్షన్‌లో అట్లాగే నడవవు. కానీ ఇక్కడున్న ఏఎన్ఎన్ నాలుగు లేయర్ల కెరాస్ (టెన్సర్‌ఫ్లో మీద సులభంగా రాసే లైబ్రరీ) కోడే కాబట్టి ఇంపోర్ట్‌లు మార్చి, మోడల్‌ను మళ్లీ ట్రెయిన్ చేసుకుంటే సరిపోతుంది. పాత హెచ్5 ఫైలుతో కుస్తీ పట్టక్కర్లేదు. ప్రతి ఎర్రర్‌కూ మూడు ముక్కలు రాసుకోవాలి: ఏం కనబడింది, ఎందుకొచ్చింది, ఏం మార్చాం. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో ఇబ్బంది పెట్టిన బగ్ చెప్పండి’ అన్నప్పుడు ఆ నోట్సే నోరు తెరిపిస్తుంది. స్మోట్ ముందు కొట్టారు, వెనక్కి జరిపితే రికాల్ ఇంత పడింది అని చెప్పగలిగినవాడిని, ఫైళ్లన్నీ ఒకే రోజు ఒకే కమిట్‌లో గిట్‌హబ్‌లో పడేసినవాడిని ఒక్క గాటన కట్టరు. ఇంకోటి, నలుగురి రెజ్యూమేల్లో ప్రాజెక్టు పేరా కామాతో సహా ఒకటే ఉండొద్దు. ఒకే ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లో నలుగురూ కూర్చుంటారు, ‘నీ పని ఏంటి?’ అని నలుగురినీ అడుగుతారు.

ఐఓటీ (నెట్‌కు కలిపే సెన్సర్ పరికరాల) కిట్ల మీద రెండు ముక్కలు. మట్టి తేమ, నీటి మోటారు టైటిల్‌కు నోడ్ఎంసీయూ (ఈఎస్‌పీ8266 చిప్ ఉన్న వైఫై బోర్డు), రిలే (మోటారు స్విచ్), సెన్సర్ అట్టముక్క మీద అతికించి ఇస్తారు. వైఫై పేరు, పాస్‌వర్డ్ కోడ్‌లోనే ఉంటయి, కాలేజీలో కలవదు. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే ఈఎస్‌పీ8266కు కనబడనే కనబడదు, 2.4కు మార్చాలి. బోర్డుకు, మోటారుకు ఒకే పవర్ ఇచ్చారంటే మోటారు తిరిగినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంది. రెండు గీతల రాగి సెన్సర్ తడి మట్టిలో కొద్దిరోజులకే తుప్పు పట్టి తప్పుడు అంకెలిస్తుంది, కెపాసిటివ్ రకం అడిగి తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కన్నా ఇది నయం, కనీసం వస్తువులు మిగుల్తయి.

అసలు షాపుకే పోవద్దనుకునేవాళ్లకు సరుకు ఊళ్లోనే ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతయి. క్వింటాకు కనిష్ఠం, గరిష్ఠం, ‘మోడల్’ ధర (ఆ రోజు ఎక్కువగా పలికిన ధర) తేదీలవారీగా ఉంటయి. సెలవు రోజులు ఖాళీగా వస్తయి, వాటిని సున్నా అనుకుంటే గ్రాఫ్ పాతాళానికి పోతుంది. తేజ, వండర్ హాట్ లాంటి రకాలను విడివిడిగా చూడాలి, కలిపి సగటు తీస్తే అర్థం ఉండదు. డేటాను కలగాపులగంగా విడగొట్టొద్దు, పాత నెలలతో నేర్పి కొత్త నెలలతో పరీక్షించాలి. నిన్నటి ధరే ఇవాళ్టి ధర అని చెప్పే ఉత్త పద్ధతిని మోడల్ గెలుస్తుందా అన్నది మొదట చూడాలి. చాలాసార్లు గెలవదు, గెలవలేదని అంకెలతో రాసినా అది మంచి ప్రాజెక్టే. బేస్ పేపర్ లేకపోతే ఒప్పుకోని గైడ్‌కు ధరల అంచనా మీద పేపర్లు వెతికితే బోలెడు దొరుకుతయి.

ఇంత చెప్పినా కొనేవాళ్లు కొంటారు. కొంటే సగం డబ్బే ముందివ్వాలి. మిగతాది, పైథాన్ ఆనవాలే లేని ఇంకో ల్యాప్‌టాప్‌లో వాళ్ల పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి మీరే నడిపి చూశాక. టైటిల్ డబ్బు కట్టకముందే డేటాసెట్ పేరు, దాని లింకు, అల్గారిథంల పేర్లు కాగితం మీద రాయించుకోవాలి. ‘సొంత డేటాసెట్’ అంటే దాన్ని ఎవరు, ఎప్పుడు సేకరించారో అడగాలి, జవాబు రాకపోతే ఆ టైటిల్ వదిలేయాలి. డాక్యుమెంట్, పీపీటీ వద్దని, కోడ్ ఒక్కటే ఇవ్వమని అడిగితే ధర దిగుతుంది. ఎనిమిది వేలన్నది గట్టిగా బేరమాడితే నాలుగున్నరకు వచ్చింది. సబ్మిషన్ తేదీలు దగ్గరపడ్డాక మాత్రం ఆ బేరం నడవదు, డిసెంబరులోనే పోవాలి.